ఇల్లు అమ్మి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము చెప్పలేదు. పుట్టిన ఇంటిని బిడ్డలే బేరము పెట్టుదురను ఊహ వారికి కలిగియుండదు. ఆ మూడవ పరీక్ష మా తరమునకు మిగిలినది. దానికి నేను 2024వ సంవత్సరమున రాజపాళయములో కూర్చుంటిని. అందు తెలిసివచ్చిన సంగతులు మావంటి ఇతర కుటుంబములకు పనికివచ్చునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాజపాళయము పడమటి కనుమల పాదమున నున్న ఊరు. ఒకవైపు సంజీవి కొండ, మరియొకవైపు మేఘములను మోయు పెద్ద కొండలు, నడుమ మామిడితోటలు, కొబ్బరితోటలు, నూలు మిల్లులు. 1936లో పి. ఏ. సి. రామస్వామి రాజుగారు మిల్లు స్థాపించిన పిమ్మట ఊరి బ్రతుకే మారినదని మా నాయన చెప్పెడివారు. పళయపాళయమున ఒక సన్నని వీధిలో మా ముత్తాత కట్టించిన ఇల్లు మాది. వీధివైపు తిన్నె, తిన్నె దాటిన నడవ, నడవ దాటినచో ఆకాశము కనబడు ముంగిలి, దాని నాలుగు మూలల నాలుగు టేకు స్తంభములు, వెనుక వంటిల్లు, బావి, ఒక వేపచెట్టు. వాన పడినప్పుడు నాలుగు వైపులనుండి నీరు ముంగిలిలోనికి దుముకుచుండగా పిల్లలమందరము ఒక్కొక్క స్తంభమును కౌగిలించుకొని చూచెడివారము.

ఆ ఇంటిలో మాటాడునది తెలుగు; గడప దాటిన పిమ్మట తమిళము. ఈ రెంటికి నడుమ మాకు ఏనాడును తగవు కలుగలేదు. అయితే తెలుగు మా చెవికి తెలిసినంతగా కంటికి తెలియదు. నేను మధురలో హాస్టలునందుండి చదువుకొనునప్పుడు మా అమ్మ వ్రాసిన ఉత్తరములన్నియు తెలుగు మాటలే. లిపి మాత్రము తమిళము. ఆ లిపిలో త, ద లకు ఒకటే అక్షరము. ప, బ లకు ఒకటే అక్షరము. కావున ఆ ఉత్తరములను పెదవులు కదపకుండ చదువుటకు వీలులేదు. నోట పలికిననే అవి తెలుగగును. మా ఇంట తెలుగు అక్షరములు తెలిసినవారు ముగ్గురే: తాత, ఆయనకడ నేర్చుకొనిన మా అక్క, అక్కకడ నేర్చుకొనిన నేను. తాత దాచిన చినిగిన పెద్దబాలశిక్షను ఒడిలో పెట్టుకొని వేసవి సాయంకాలములు అక్క నన్ను తిన్నెపై కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించెడిది. మాటలలో తప్పు దొరలినను అక్కడికక్కడే దిద్దెడిది.

2012లో అమ్మ, 2019లో నాయన గతించిరి. అప్పటికే అన్న కోయంబత్తూరులో, నేను చెన్నపట్టణములో, తమ్ముడు హైదరాబాదులో స్థిరపడియుంటిమి. ఇల్లు ఐదేండ్లు తాళముతో నుండెను. తాళము వేసిన ఇల్లు ఊరకుండదు. ప్రతి వానకును ఒక దూలము వంగును. ప్రతి వేసవికిని ఒక గోడ బీటలువారును. చెదలు వంటింటి తలుపును తినివేసినవి. ఆస్తిపన్ను, విద్యుత్తు బిల్లు మాత్రము క్రమము తప్పక వచ్చుచుండెను. ఒక ఆదివారము మేము ముగ్గురన్నదమ్ములము ఫోనులో మాటాడుకొని, అమ్మివేయుదమని నిశ్చయించితిమి. నూరేండ్ల ఇంటికి అరగంట చాలినది.

ఇండ్లు అమ్మించువానిని ఆంధ్రదేశమున దళారి యందురు. తమిళమున తరగర్ అందురు. మా వీధిలో ఈ రెండును గాక బ్రోకరు అనియే వాడుక. మాకు కుదిరిన బ్రోకరు ఏబదియేండ్ల తమిళుడు. ఒక మోటారుసైకిలు, రెండు ఫోనులు, అంచులు నలిగిన ఒక నోటుపుస్తకము, ఇదియే ఆయన ఆఫీసు. ఆయన మా ఇంటిని చూచిన తీరు మొదట నాకు మిక్కిలి బాధ కలిగించెను. తలయెత్తి స్తంభముల వంక చూడనైన లేదు. టేపు తీసి ముందు వీధి వెడల్పు కొలిచెను. పిదప స్థలమును కొలిచెను. "ముఖము ఏ దిక్కు? లారీ లోపలికి వచ్చునా? పట్టా ఎవరి పేర నున్నది? మూలపత్రము కలదా? విల్లంగము తీసినారా?" అని వరుసగా అడిగెను. ఆస్తిపై పూర్వము జరిగిన క్రయములు, తాకట్టులు ఏమేమి నమోదైనవో తెలుపు కాగితమును మేము విల్లంగమందుము. ఆంధ్రలో దానినే ఈసీ యందురు. ఇంటిలో మేమెంత తెలుగు మాటాడినను, ఇంటి కాగితములకు మాకు గల పేర్లన్నియు తమిళమే యని నాకు ఆనాడు మొదటిసారి తోచెను.

ఆయన లెక్క చూచి 8 సెంట్లని వ్రాసికొనెను. సెంటునకు 435.6 చదరపు అడుగుల వంతున సుమారు 3,485 చదరపు అడుగులు. పిమ్మట నోటుపుస్తకము మూయకయే, "అయ్యా, ఇంటికి వెల లేదు, నేలకే వెల. పడగొట్టుటకు అగు ఖర్చును కొనువాడు తగ్గించి యడుగును. స్తంభములు, తలుపులు కావలసిన కారైక్కుడి పాతసామానుల అంగళ్లవారికి విడిగా అమ్ముకొనవచ్చును" అనెను.

నాకు కోపము వచ్చినది. కాని ఆ రాత్రి ఆలోచింపగా ఆయన మాటలో అబద్ధమేమియు లేదని తోచెను. బ్రోకరు ఇల్లు కొనువాడు కాడు, అమ్మువాడు కాడు. బజారు మనగురించి ఏమనుకొనుచున్నదో దానిని మన మొగముననే చెప్పువాడు. ఏ వీధిలో ఎవరి కుమార్తెకు పెండ్లి కుదిరినది, ఎవరి కుమారుడు పరదేశమునుండి డబ్బు పంపుచున్నాడు, ఎవరికి బ్యాంకు అప్పు మంజూరైనది, ఈ సమాచారమే ఆయన పెట్టుబడి. బేరము కుదిరినచో ఇరువైపులనుండి నూటికి ఒక రూపాయి. కుదరనిచో తిరిగిన పెట్రోలు దండుగ. 2016నాటి కేంద్ర స్థిరాస్తి చట్టము క్రింద, నమోదైన కొత్త కట్టడములను, లేఅవుటులలోని స్థలములను అమ్మించు ఏజెంట్లు తామును నమోదు కావలెను. మావంటి పాత ఇండ్ల బేరములు మాత్రము నేటికిని నోటిమాటపైననే నడచుచున్నవి. కావున కమీషను ఎంత, ఎవరు, ఎప్పుడు ఇయ్యవలెనో మొదటి దినముననే కాగితముపై వ్రాసికొంటిమి. అది మేలైన పనియే యయ్యెను.

ఆయన చివరి ప్రశ్న, "వారసులు ఎందరు?"

"ముగ్గురము" అంటిని.

"ఆడపడుచులు లేరా?"

"అక్క ఉన్నది. ఆమె విడుదల పత్రము వ్రాసియిచ్చును."

"అడిగినారా?"

నేను మాటాడలేదు. ఆయన నోటుపుస్తకము మూసి జేబులో పెట్టుకొని, "అడిగి చెప్పండి, తరువాత కొనువానిని తీసికొనివత్తును" అని మోటారుసైకిలు ఎక్కి వెళ్లిపోయెను.

చట్టము సంగతి పిమ్మట విచారించి తెలిసికొంటిని. పూర్వికుల ఆస్తియందు ఆడుబిడ్డలకు పుట్టుకతో సమభాగమిచ్చు మార్పును ఆంధ్రప్రదేశము 1985లో చేసెను. తమిళనాడు 1989 మార్చి 25 నుండి అమలుపరచెను. కాని ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. మా అక్క వివాహము 1978లో జరిగినది. అందుచేత అక్కకు భాగము లేదను మాట మా ఇంట పాతుకొనిపోయెను. 2005 సెప్టెంబరు 9 నుండి అమలునకు వచ్చిన కేంద్రచట్టము ఆ భేదమును తుడిచివేసెను. 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు దానిని సందేహమునకు తావులేకుండ స్థిరపరచెను. నాయన వీలునామా ఏదియు వ్రాయలేదు. అక్క సంతకము లేక మా పత్రము పత్రమే కాదు. ఇన్నేండ్లుగా చట్టమున నున్న ఈ మాటను నాకు గుర్తుచేసినవాడు వకీలు కాడు, బంధువు కాడు. నేను ముందటి దినమున కోపగించుకొనిన ఆ బ్రోకరే.

బావగారు పోయినప్పటినుండి అక్క మధురలో కుమారుని ఇంట నుండెను. ఆ సాయంకాలము ఫోను చేసితిని.

"అక్కా, మేము ఇల్లు అమ్మాలనుకున్నాం."

అక్క కొంచెము సేపు పలుకలేదు. తరువాత మెల్లగా, "మేము అంటివే తమ్ముడూ, మనం అనవేం?" అనెను.

చదువరులారా, మన భాషలో 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటివారిని కలుపుకొనినచో మనము. వెలుపల నిలిపినచో మేము. చిన్ననాడు తిన్నెపై కూర్చుండబెట్టి నాకు ఈ తప్పును దిద్దినది ఆమెయే. అరువదేండ్లు దాటిన పిమ్మట ఆ పాఠమునే ఆమెవద్ద మరల చదువవలసివచ్చెను. నేను క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె కోపపడలేదు. మూడు మాటలు మాత్రము చెప్పినది. తన భాగము విడిచిపెట్టదు, నలుగురిలో ఒకరి భాగము తీసికొనును. పత్రములో ఎంత వ్రాయుదురో అంతయే పుచ్చుకొనవలెను, ఎంత పుచ్చుకొందురో అంతయు వ్రాయవలెను. ఇల్లు ఖాళీచేయు దినమున నలువురమును అచ్చట నుండవలెను.

మొదటి మాటకు తమ్ముడు కొంచెము నొచ్చుకొనెను. "పెండ్లికి అంత పెట్టినాం కదా" అనెను. ఆ మాటయే అక్కతో అనుమని అన్న చెప్పెను. తమ్ముడు అనలేదు. అంతటితో ఆ సంగతి ముగిసినది.

రెండవ మాట కష్టమైనది. బ్రోకరు ఇరువురిని తీసికొనివచ్చెను. ఒకరు ఇల్లు పడగొట్టి అంగళ్లు కట్టదలచినవారు. వారు చెప్పిన వెల ఎక్కువ. కాని అందు సగము చేతికిత్తురు, పత్రములో ప్రభుత్వపు మార్గదర్శి విలువ మాత్రమే వ్రాయుదురు. ఈ కోరిక ఎందుకు పుట్టునో అర్థము చేసికొనుట కష్టము కాదు. తమిళనాట కొనువాడు పత్రపు విలువపై నూటికి 7 వంతున ముద్రాసుంకము, దానిపై నమోదు రుసుము ఇచ్చుకొనవలెను. ఆ రుసుము 2023 మార్చి వరకు నూటికి 4, పిమ్మట 2. అమ్మువానికి లాభముపై ఆదాయపు పన్ను. ఒక్క చిన్న అంకె వ్రాసినచో ఇరువురికిని మిగులును. కాని 2015 జూన్ నుండి స్థిరాస్తి బేరములలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని చట్టము. పుచ్చుకొనినవానికి పుచ్చుకొనినంతయు జరిమానాగా పడవచ్చును.

రెండవవారు సమీపమున నున్న చత్రపట్టిలో ఆసుపత్రులకు గాయపు కట్లగుడ్డ నేయించు కుటుంబము. తమిళులు. కాపురమునకే కొనగోరిరి. బ్యాంకు అప్పు తీసికొందురు గనుక వెల అంతయు పత్రములోనే యుండును. మా కాగితములన్నిటిని బ్యాంకు వకీలు ఒక్కొక్కటిగా చూచును. వారి వెల తక్కువ.

నిజము దాచనేల? నేను మొదటివారివైపే మొగ్గితిని. ఆ మిగులు సొమ్ముతో నా కుమారుని అప్పు తీరిపోవును. అన్నయు మౌనముగా నుండెను. అప్పుడు అక్క, "నాయన పేరున్న పత్రం కింద అబద్ధపు అంకెకు నేను సంతకం పెట్టను" అనెను. పట్టుదలగా అనలేదు, వంటలో ఉప్పు చాలునని చెప్పినంత తేలికగా అనెను. ఆ సంతకము లేనిదే బేరము లేదు గనుక మేమందరము నీతిమంతులమైతిమి. బ్రోకరు రెండు దినములు మొగము చాటుచేసి, మూడవ దినమున వచ్చి, "నాకు కమీషను తగ్గినది, మీకు నిద్ర తగ్గదు" అని నవ్వి చత్రపట్టివారితో ఒప్పందము వ్రాయించెను.

ఇల్లు ఖాళీచేయు దినమున నలువురమును చేరితిమి. నాయన రేకుపెట్టెలో పాతపత్రములు ఉండెను. అన్నియు తమిళమున వ్రాసినవి. వానిలో మిక్కిలి పాతదానిని విప్పి చూచుచుండగా అక్క ఒక్కసారిగా ఆగెను. తమిళపు వరుసల అడుగున, వంకరగా, తెలుగు అక్షరములలో మా ముత్తాత సంతకము. అన్నకును తమ్మునికిని అది గీతగా కనబడెను. అక్క దానిని పైకి చదివినది. వినినప్పుడు తమ్ముని కన్నులు చెమర్చినవి. ఇల్లు కట్టినవాని వ్రాతను ఆ ఇంటిలో పెరిగినవాడు చదువలేకపోయెను. మూలపత్రము కొన్నవారికి చెందును గనుక మేము దానికి ఫోటో తీసికొని, అమ్మ ఉత్తరములను మాత్రము వెంట తెచ్చుకొంటిమి.

సాయంకాలము నలువురమును నడచుచు గాంధీ కలైమన్రమువైపు వెళ్లితిమి. ఆ భవనము ఒకప్పుడు పి. ఎస్. కుమారస్వామి రాజుగారి సొంత ఇల్లు. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగాను, 1954 నుండి ఒరిస్సాకు గవర్నరుగాను ఉండి 1957లో గతించిన ఆ మహనీయుడు తన ఇంటిని ప్రజలకు, కళలకు దానముగా నిచ్చివేసెను. ఇల్లు ఇచ్చివేయగలిగినవానికి బ్రోకరుతో పనిలేదు. మేము అంతటివారము కాము. అయినను ఆ గోడలను చూచుచుండగా ఒక ప్రశ్న నన్ను విడువలేదు. ఇల్లు చేతులు మారిన పిమ్మట అందు ఏది నిలుచును, ఏది పోవును?

మన పూర్వులును ఇండ్లు విడిచినవారే. విజయనగర రాజ్యకాలమునను, ఆ పిమ్మట నాయకుల కాలమునను తెలుగునాటినుండి ఈ దేశమునకు అలలుగా వచ్చిరి. మా పొరుగున నున్న శ్రీవిల్లిపుత్తూరి ఆండాళ్ కథను కృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదగా వ్రాసిన కాలమది. వారు వెనుక విడిచిన ఇండ్లకు మా యింట పత్రము లేదు. అచ్చటి వీధి పేరైనను మాకు తెలియదు. ఇండ్లు పోయినవి, తెలుగు పోలేదు. ఏల? వారు ఒక్కొక్కరుగా రాలేదు. చుట్టములతో, ఇరుగుపొరుగుతో కూడి వచ్చిరి. వచ్చి వీధులుగా కట్టుకొనిరి. బిడ్డ ఒక తిన్నె దిగి మరియొక తిన్నె ఎక్కినను చెవికి అదే మాట వినబడెడిది. భాషను కాచినవి గోడలు కావు, వీధి. మేమో, ఒక్కొక్కరుగా అమ్మి ఒక్కొక్క ఊరికి పోవుచున్నాము. హైదరాబాదున నున్న తమ్ముని పిల్లలకు తెలుగు చదువ వచ్చును గాని మా ఇంటి తెలుగు రాదు. చెన్నపట్టణమున నా మనుమలకు రెండును అంతంతమాత్రమే.

ఈ మాటలనే నేను ఆ రాత్రి ముంగిలిలో చాపపై కూర్చుండి చెప్పితిని. అక్క విని, "ఇల్లు పోనీండి. ఈ ఊళ్లో నాకు రెండు గదులు చాలు" అనెను. ఆమె తన భాగమును ఏల విడువలేదో అప్పుడు మాకు తెలిసినది.

నమోదు దినమున సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నలువురము సంతకములు చేసితిమి. అన్నయు తమ్ముడును తమిళమున చేసిరి. నేను ఎన్నడును ఇంగ్లీషులో చేయువాడను. నా బ్యాంకు కాగితములన్నియు అట్లే యున్నవి గనుక ఆనాడును అట్లే చేసితిని. అక్క తెలుగున చేసెను. గుమాస్తా ఒకసారి తలయెత్తి చూచి, ఏమియు అనక వ్రేలిముద్రలు తీసికొనెను. వెలుపలికి వచ్చిన పిమ్మట కొన్న ఇంటి పెద్దావిడ అక్క చేయి పట్టుకొని, బావి ఏ నెలలో ఎండును, వేపచెట్టునకు చీమలు పట్టునా యని తమిళమున అడుగుచుండెను. ఇరువురును ఆ ఎండలో చాలసేపు నిలిచి మాటాడుకొనిరి. స్తంభములు కారైక్కుడికి పోలేదు, ముంగిలిలోనే నిలిచియున్నవి.

అక్క అదే బ్రోకరు ద్వారా పుదుపాళయమున రెండు గదుల చిన్న ఇల్లు కొనెను. అమ్మిన ఇంటి లాభముతో రెండేండ్లలోపల మరియొక ఇల్లు కొన్నచో ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. అదియు ఆమెకు కలిసివచ్చెను. బ్రోకరు ఆమెవద్ద సగము కమీషనే పుచ్చుకొనెను. కారణము అడుగగా, "వారసులు ఎందరని అడిగినప్పుడు మీరు ముగ్గురనిరి. నాలుగవవారిని తెచ్చినది నేను గదా, ఆమె నాకు చుట్టమే" అనెనట.

ఇల్లు అమ్ముట పాపమని నేను చెప్పను. కూలిపోవు ఇంటికి తాళము వేసి దూరమున కూర్చుండి కన్నీరు కార్చుటకంటె, కాపురముండువారికి అమ్ముట మేలు. కాని అమ్మదలచినవారు బ్రోకరును పిలుచుటకు ముందు అక్కచెల్లెండ్రను పిలువుడు. వెల అంతయు పత్రమున వ్రాయుడు. పాతపత్రముల అడుగున ఎవరి వ్రాత యున్నదో ఒకసారి చదివి చూడుడు. చదువ రానిచో, వచ్చినవారిని పక్కన కూర్చుండబెట్టుకొనుడు. తాళముచెవి ఇచ్చివేయుటకు ముందు, ఇకమీద మీ కుటుంబము 'మనము' అని ఏ చోట కలిసికొనునో నిశ్చయించుకొనుడు. ఈ చివరి పని మేము చేయలేదు, అక్క చేసినది.

గడచిన వేసవి సెలవులలో మా పిల్లల పిల్లలు ఏడుగురు ఆ రెండు గదులలో పది దినములుండిరి. చోటు చాలక నేనును అన్నయు లాడ్జిలో పడుకొంటిమి. ఉదయమున వెళ్లి చూచునప్పటికి అక్క తిన్నెపై కూర్చుండి, మా అమ్మ ఉత్తరమొకటి తమిళలిపిలో నున్నదానిని పిల్లలచేత పైకి చదివించుచుండెను. చదివిన ప్రతి మాటను తెలుగు అక్షరములలో వ్రాయించుచుండెను. నా మనుమడు ఒకచోట తప్పు వ్రాసి, నన్ను చూచి, "తాతా, మేము రాస్తున్నాం, నువ్వూ రా" అనెను.

"మనం రాద్దాం, రా అను" అని అక్క దిద్దెను.